బడి మానేసిన ఇంజనీరు – జి.డి. నాయుడు

మెట్ట ప్రాంతం నుంచి వచ్చి మన హాస్టళ్ళలో వుంటున్న మిత్రులను అడిగి చూడండి. జగ్గంపేట వైపో, ప్రత్తిపాడు వైపో, గోదారికి అవతల చింతలపూడి వైపో పొలం వున్న ఇళ్ళలో పుట్టినవారికి చిన్నప్పటి నుంచీ చెవిలో నిలిచిపోయే చప్పుడు ఒకటుంది. అది బోరు మీది మోటారు చప్పుడు. డెల్టాలో పుట్టినవాళ్ళకు ఆ సంగతి అంతగా పట్టదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ మనకు లాకు ఎత్తితే కాలవ, తూము తీస్తే చేను. నీరు పల్లమెరుగు అన్నారు గదా, పల్లంలో వున్నవాడి దగ్గరకు నీరే నడిచి వస్తుంది. మెరక మీద వున్నవాడు మాత్రం నీటిని తానే పైకి తెచ్చుకోవాలి. ఆ తెచ్చుకోవటానికి ఒకప్పుడు ఎద్దులు, మోట బొక్కెన. తరువాత కరెంటు మోటారు.

ఆ మోటారును మన దేశంలో, మనవాళ్ళ చేతులతో, మొట్టమొదట తయారు చేసినవారుగా చెప్పుకునే ఇద్దరిలో ఒకరు తెలుగు ఇంట పుట్టినవారు. ఆయన ఏ ఇంజనీరింగు కాలేజీలోనూ చదవలేదు. ప్రాథమిక పాఠశాల దాటి పైకి వెళ్ళలేదు. అయినా ఒక ఇంజనీరింగు కాలేజీకి ప్రిన్సిపాలుగా పనిచేసి, చదువు చెప్పే పద్ధతి మీద ప్రభుత్వంతో పేచీ వచ్చి, ఆ కుర్చీ వదిలేసి వచ్చారు. ఆయన పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకానికి జి.డి. నాయుడుగారు.

ఫోర్డు పేరు తెలియని విద్యార్థి మనలో లేడు. రోల్స్ రాయిస్ కారును చూడకపోయినా ఆ పేరు వినని వారుండరు. నాయుడుగారి పేరు అడిగితే మాత్రం ఆలోచనలో పడతాం. ఇంజనీరింగు చదివేవాళ్ళకు ఇది కొంచెం సిగ్గుపడవలసిన సంగతే. అందుకే ఈ నాలుగు మాటలు.

నాయుడుగారు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో జన్మించారు. తండ్రి గోపాలస్వామి నాయుడుగారు వ్యవసాయదారు. ఆ కొంగునాడు ప్రాంతంలో తెలుగు కుటుంబాలు చాలా వున్నాయి. విజయనగర రాజుల కాలంలోనూ, ఆ తరువాత నాయకరాజుల కాలంలోనూ దక్షిణానికి తరలి వెళ్ళి అక్కడి నల్లరేగడి భూముల్లో స్థిరపడినవారు వాళ్ళు. బజారులో తమిళం, ఇంట్లో తెలుగు. తరాలు గడిచినా ఇంటి భాషను విడిచిపెట్టని ఆ కుటుంబాలను చూస్తే, నాలుగేళ్ళు పట్నంలో వుండి వచ్చి తెలుగు రానట్టు నటించేవాళ్ళు నేర్చుకోవలసింది చాలా వుంది.

పుట్టిన కొద్ది కాలానికే తల్లి పోయింది. తల్లి లేని పిల్లవాడు, దానికి తోడు మహా అల్లరి. బడికి పంపితే పంతుళ్ళతో తగాదా. కూర్చోబెట్టి వల్లె వేయించే చదువు ఆ పిల్లవాడికి ఎక్కలేదు. చివరకు బడి ఆయన్ను వదిలిందో, ఆయన బడిని వదిలారో గాని, చదువు అక్కడితో ఆగిపోయింది. పొలం పనికి పెట్టారు. అయితే ఒక్క విషయం గమనించాలి. బడి మానేశారే గాని చదవటం మానలేదు. పొలం గట్టు మీద కూర్చుని దొరికిన పుస్తకమల్లా తనంతట తాను కూడబలుక్కుని చదువుకునేవారు. మనలో చాలామంది కథ దీనికి తలకిందులు. బడికి వెళ్ళటం మానం గాని, పరీక్ష అయిన మర్నాడు చదవటం మానేస్తాం.

ఇరవై ఏళ్ళు నిండీ నిండని వయసులో ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన సంఘటన జరిగింది. ఒక తెల్లదొర, రెవెన్యూ అధికారి, మోటారు సైకిలు మీద ఆ పల్లె వైపు వచ్చాడు. ఎద్దుబండి తప్ప మరో వాహనం ఎరుగని ఊరు అది. ఎద్దు లేదు, గుర్రం లేదు, తొక్కటం లేదు. చప్పుడు చేసుకుంటూ బండి తనంతట తాను పోతోంది. ఊళ్ళో వాళ్ళంతా నోరు తెరుచుకుని చూశారు. చూసి ఎవరి పనికి వాళ్ళు పోయారు. ఈ కుర్రవాడు మాత్రం పోలేదు. అది ఎలా నడుస్తోంది అన్న ప్రశ్న ఆయన్ను పట్టుకుంది. ఆ ప్రశ్న చివరి వరకూ వదల్లేదు.

బండి కొనాలంటే డబ్బు కావాలి. ఇంట్లో అడిగితే ఇచ్చే కాలమూ కాదు, ఇచ్చే సొమ్మూ కాదు. కోయంబత్తూరు వెళ్ళి ఒక హోటల్లో సర్వరుగా చేరారు. భూమి వున్న రైతుబిడ్డ ఇడ్లీ ప్లేట్లు అందించటం ఆ రోజుల్లో నామోషీ. ఆయన అది లెక్కపెట్టలేదు. జీతం కూడబెట్టి, కొన్నేళ్ళకు పాత మోటారు సైకిలు ఒకటి కొన్నారు. కొని ఊళ్ళో షికారు తిరగలేదు. బోల్టు బోల్టుగా మొత్తం విప్పేశారు! విప్పినదాన్ని మళ్ళీ బిగించారు. మళ్ళీ విప్పారు. ఇలా వారాల తరబడి. ఏ ముక్క తీస్తే ఏది ఆగుతుందో, ఏది అరిగితే ఏ చప్పుడు వస్తుందో చేతికి తెలిసేదాకా వదల్లేదు. ఆయన చేరిన కాలేజీ ఆ పాత మోటారు సైకిలే.

ఇక్కడ కొంచెం ఆగి ఇంగ్లండు వైపు ఒక చూపు చూద్దాం. రోల్స్ రాయిస్ అనగానే మనకు రాజులు, జమీందార్లు, నైజాం నవాబు గుర్తుకొస్తారు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నైజాం కోసం తెప్పించిన పసుపు రంగు రోల్స్ రాయిస్ కారును ఇప్పటికీ చూడవచ్చు. వెనక సీటు కాదది, సింహాసనం. అంతటి కారుకు పేరులో సగం ఇచ్చిన హెన్రీ రాయిస్ ఎవరు? 1863లో పుట్టిన పేద పిల్లవాడు. తండ్రి పిండిమర వ్యాపారం దెబ్బతిన్నది. ఆయన పోయేనాటికి పిల్లవాడికి తొమ్మిదేళ్ళు. పత్రికలు అమ్మాడు, టెలిగ్రాములు పంచాడు. రైల్వే వర్కుషాపులో పని నేర్చుకోవటానికి చేరితే, రుసుము కట్టే దిక్కులేక మధ్యలో మానుకోవలసి వచ్చింది. 1884లో మాంచెస్టరులో చిన్న ఎలక్ట్రికల్ వర్కుషాపు పెట్టి కరెంటు గంటలు, డైనమోలు, ఆ తరువాత క్రేన్లు తయారు చేశాడు. కొంచెం సంపాదించాక, డెకోవిల్ అనే పాత ఫ్రెంచి కారు కొన్నాడు. దాని పనితనం ఆయనకు నచ్చలేదు. విప్పి చూశాడు. ఇంతకంటె బాగా చేయవచ్చునని తోచి, 1904లో తానే కారు చేశాడు. అదే ఏడు రోల్స్ అనే ధనవంతుల బిడ్డతో చేతులు కలిశాయి. 1907లో వాళ్ళ సిల్వర్ ఘోస్ట్ కారు పధ్నాలుగు వేల మైళ్ళకు పైగా పరీక్ష పరుగు తీసి లోకాన్ని ఆశ్చర్యపరచింది.

చూశారా పోలిక! అక్కడ మాంచెస్టరులో పాత ఫ్రెంచి కారు, ఇక్కడ కోయంబత్తూరులో పాత మోటారు సైకిలు. ఇద్దరికీ పెద్ద చదువులు లేవు. ఇద్దరూ విప్పి చూసినవాళ్ళే. అయితే దారులు వేరు. రాయిస్ మనసు ఖర్చుకు వెరవకుండా ఎంత గొప్పగా చేయవచ్చో అన్న దాని మీద వుండేది. నాయుడుగారి మనసు, వస్తువు గొప్పతనం చెడకుండా ఎంత చౌకగా చేయవచ్చో అన్న దాని మీద వుండేది. ఆ తేడా ఆయన చేసిన ప్రతి పనిలోనూ కనిపిస్తుంది.

మెకానిక్కుగా పేరు వచ్చింది గాని జీవితం వెంటనే గాడిలో పడలేదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో పత్తి వ్యాపారంలోకి దిగారు. బాగా సంపాదించారు. ఆ ఊపులో బొంబాయి పత్తి బజారులో దిగి, వచ్చినదంతా పోగొట్టుకున్నారు. తిరిగి వట్టి చేతులు. అప్పుడు ఆయన పనితనం గుర్తించినవాడు కోయంబత్తూరులో పరిశ్రమలు నడుపుతున్న రాబర్ట్ స్టేన్స్ అనే ఇంగ్లీషు దొర. ఆయన సహాయంతో ఒక బస్సు వాయిదాల మీద చేతికొచ్చింది. 1920లో ఆ బస్సును పొల్లాచ్చి – పళని మధ్య నడిపారు. ఎవరినో పెట్టి నడిపించటం కాదు. డ్రైవరూ తానే, మెకానిక్కూ తానే, యజమానీ తానే. పళని మురుగన్ కొండకు వెళ్ళే యాత్రికులే ఎక్కువగా ఎక్కేవారు.

ఆ రోజుల్లో మన గోదావరి జిల్లాల్లో ప్రయాణమంటే పడవ. కాకినాడ కాలవ మీదనో, ఏలూరు కాలవ మీదనో రాత్రి పడవ ఎక్కి పడుకుంటే తెల్లవారేసరికి ఊరు చేరేవారు. పడవకు వేళ అంటూ గట్టిగా లేదు. గాలి వుంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నుంచి తాడు పట్టి లాగటం. బస్సు అలా కుదరదు. వేళకు బయలుదేరాలి, వేళకు చేరాలి. మధ్యలో ఆగిపోతే విప్పి బిగించే మనిషి వుండాలి. ఇంగ్లండు నుంచి సామాను వచ్చేదాకా బండి షెడ్డులో పడివుంటే కంపెనీ మునిగినట్టే. కాబట్టి బస్సు నడపటమంటే వర్కుషాపు నడపటమే. నాయుడుగారికి అది మొదటి రోజే అర్థమైంది. ఒక బస్సు నాలుగైంది, నాలుగు ఎన్నో అయినాయి. యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పేరుతో, యు.ఎం.ఎస్. అనే పొట్టి పేరుతో, ఆ బస్సులు కొంగునాడంతా తిరిగాయి. కొద్ది ఏళ్ళలోనే దేశంలో అతి సమర్థంగా నడిచే బస్సు కంపెనీలలో ఒకటిగా పేరు తెచ్చుకుంది. ఆ బస్సుల కోసం పెట్టిన వర్కుషాపే తరువాత ఆయన ప్రయోగాలన్నింటికీ పుట్టిల్లు అయింది.

చేతిలో నాలుగు డబ్బులు చేరాక ఆయన దేశాలు తిరిగారు. యూరపు, అమెరికా వెళ్ళారు. వెళ్ళింది దర్జా కోసం కాదు. ఫ్యాక్టరీలు చూడటానికి, యంత్రాలు కొనటానికి, కొన్న యంత్రాన్ని విప్పి చూడటానికి. కెమెరా అంటే ఆయనకు మహా ఇష్టం. 1936లో లండనులో అయిదవ జార్జి చక్రవర్తి అంతిమయాత్ర జరుగుతుంటే ఆయన దాన్ని సొంతంగా ఫిలిం తీశారు. చక్రవర్తి శవయాత్రను కోయంబత్తూరు బస్సు యజమాని చిత్రీకరించటం ఆ రోజుల్లో చిన్న సంగతేమీ కాదు.

జర్మనీలో ఆయన పేరు తెచ్చుకున్నది రసంత్ అనే గడ్డం గీసుకునే యంత్రంతో. చిన్న మోటారు, డ్రై సెల్సుతో నడుస్తుంది. గోడ దగ్గర ప్లగ్గు అక్కర్లేదు, కరెంటు లేని ఊళ్ళో కూడా పనిచేస్తుంది. దాని తరువాత చాలా పల్చని బ్లేడ్లు. ఫిలిం కెమెరాలకు దూరం సరిచూసుకునే పరికరం. పండ్ల రసం తీసే యంత్రం. కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను. దొంగ ఓటుకు వీల్లేకుండా ఓట్లు నమోదు చేసే యంత్రం. ఈ చివరిదాన్ని గురించి ఒక్క మాట. మన దేశంలో ఓటింగు యంత్రాన్ని ఎన్నికల్లో మొదటిసారి వాడి చూసింది 1982లో, కేరళలోని పరవూరులో. నాయుడుగారికి ఆ ఆలోచన దానికి ఎంతో ముందే వచ్చింది. ఎన్నికల సంగతి ఆయనకు అనుభవం మీద తెలుసు కూడా. 1936లో రాష్ట్ర శాసనసభ ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు.

ఈ పట్టిక చూసి మనం ఆశ్చర్యపోతాం గాని, నిజానికి అన్నింటికంటె పెద్ద పని మోటారే. దాని వెనక కథ తెలిస్తేనే ఆ పని విలువ తెలుస్తుంది. 1930ల మొదట్లో నీలగిరి కొండల్లో పైకారా జలవిద్యుత్ కేంద్రం నడక మొదలుపెట్టింది. ఆ కరెంటు దిగువన కోయంబత్తూరుకు వచ్చింది. అక్కడ మన లాగా డెల్టా లేదు, కాలవలు తక్కువ. లోతైన బావులు, నల్లరేగడిలో పత్తి, కొత్తగా వెలుస్తున్న నూలు మిల్లులు. మిల్లుకూ మోటారు కావాలి, బావికీ మోటారు కావాలి. మోటారు మాత్రం సముద్రం దాటి రావాలి. సీమ మోటారు కొనే తాహతు ఎందరు రైతులకు వుంటుంది? కరెంటు స్తంభం చేను పక్క నుంచే పోతున్నా, రైతు ఎద్దులతో మోట తోలుకుంటూనే వుండాలి.

మోటారు చూడటానికి చిన్నది. చేయటం చిన్న పని కాదు. బయటి పోత ఇనుము తొడుగు సరిగ్గా పోత పోయాలి. లోపల పల్చని ఉక్కు రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చి స్టేటరు కట్టాలి. రాగి తీగ చుట్లు లెక్క తప్పకూడదు. రోటారు దాని లోపల వెంట్రుకవాసి సందులో తిరగాలి, గోడను తాకకూడదు. బేరింగు కొంచెం వంకర పోయినా, చుట్టులో ఒకచోట ఇన్సులేషను దెబ్బతిన్నా మోటారు కాలిపోతుంది. మన ల్యాబులో మోటారు పక్కన నిలబడి రీడింగులు రాసుకునే మనం ఈ కష్టాన్ని పుస్తకంలో చదివాం గాని చేతితో ఎరగం. డి. బాలసుందరం నాయుడుగారు, జి.డి. నాయుడుగారు కలిసి 1937లో కోయంబత్తూరులో ఆ పని చేసి చూపించారు. దేశంలో తయారైన మొట్టమొదటి ఎలక్ట్రిక్ మోటారు అదేనని చెప్పుకుంటారు. ఆ విజయం వూతంగా బాలసుందరం నాయుడుగారు టెక్స్‌టూల్ అనే కంపెనీ స్థాపించారు. అక్కడ నేర్చుకున్న పని వీధి వీధికీ పాకింది. పోత పోసేవారు, లేతు పట్టేవారు, తీగ చుట్టేవారు ఊరంతా తయారయ్యారు. కోయంబత్తూరు ఈనాడు మోటారు పంపులకు పెట్టింది పేరు. మన మెట్ట బోర్ల దగ్గర నిలబడి మోటారు మీది ఇత్తడి బిళ్ళ చదివితే, చాలాచోట్ల ఆ ఊరి పేరే కనిపిస్తుంది. కాటన్ దొర నీటిని పల్లానికి నడిపించాడు. మెరకకు ఎక్కించిన పుణ్యంలో నాయుడుగారికీ వాటా వుంది.

1941 ప్రాంతంలో రేడియో ఒక వైభవం. ఊళ్ళో ఒకరిద్దరి ఇళ్ళలో వుంటే మహా గొప్ప. ఆ సంవత్సరం నాయుడుగారు అయిదు వాల్వుల రేడియోను డెబ్భై రూపాయలకు తయారు చేసి ఇవ్వగలనని ప్రకటించారు. చూడండి, మళ్ళీ అదే పట్టుదల. ఉన్నవాడి వస్తువును లేనివాడి ఇంట్లో పెట్టాలన్నది.

1944లో ఆయన మోటారు కంపెనీ వ్యవహారాల నుంచి తప్పుకున్నారు. ఇంకా యాభై రెండో ఏడు కూడా రాలేదు. పరిశోధన చేసే విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు, పనివారికీ బడుగువర్గాల వారికీ సంక్షేమ పథకాలు ప్రకటించారు. ఆ మరుసటి ఏడు, 1945లో, అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు మీద కోయంబత్తూరులో ఒక పాలిటెక్నిక్కు, ఒక ఇంజనీరింగు కాలేజీ వెలిశాయి. దాని వెనక వున్న చెయ్యి నాయుడుగారిదే. ఆ ఇంజనీరింగు కాలేజీయే ఈనాటి కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాల. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1946లో, విశాఖపట్నం ఇంజనీరింగు కాలేజీ అనే పేరుతో మన కాకినాడ కాలేజీ కూడా పుట్టింది. అంటే మనకూ నాయుడుగారి కాలేజీకీ ఒక్క ఏడాదే తేడా. ఒకే మద్రాసు రాజధానిలో, యుద్ధం ముగిసిన వేళ, దేశానికి ఇంజనీర్లు కావాలన్న ఒకే అవసరం నుంచి పుట్టిన అన్నదమ్ముల బిడ్డలవంటివి ఈ రెండు కాలేజీలు.

ప్రిన్సిపాలుగా నాయుడుగారు చేసిన మొదటి తగాదా కోర్సు కాలం మీద. నాలుగేళ్ళ ఇంజనీరింగు చదువు విద్యార్థుల కాలాన్ని వృథా చేయటమేనని, అదే విద్యను రెండేళ్ళలో చెప్పవచ్చునని ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా చేసి బయటికి నడిచారు.

ఈ తగాదాలో న్యాయం ఎవరిది? మన లెక్చరర్లు ఈ పేజీ చదువుతారు కాబట్టి జాగ్రత్తగా మాట్లాడటం మంచిది! నిజం చెప్పాలంటే నాయుడుగారి మాట పూర్తిగా ఒప్పుకోవటం కష్టం. మోటారు విప్పి బిగించటం చేతి విద్య. ఆ మోటారు ఎంత భారం లాగుతుందో, ఎంత వేడెక్కుతుందో చేయకముందే లెక్కగట్టి చెప్పటం గణిత విద్య. ధవళేశ్వరం మీద కొత్త బ్యారేజీ కట్టాలన్నా, ఒక పెద్ద టర్బైను నిలబెట్టాలన్నా విప్పి చూసే అవకాశం వుండదు. ముందే లెక్క తేలాలి. రాయిస్ లాంటివాడు కూడా చదువుకున్న ఇంజనీర్లను చుట్టూ పెట్టుకునే ఇంజన్లు చేశాడు. గణితానికి కాలం కావాలి. రెండేళ్ళు చాలవు.

అయితే ఆయన వేలు పెట్టి చూపించిన పుండు మాత్రం నిజమైనదే. నాలుగేళ్ళు చదివి, డిగ్రీ పుచ్చుకుని, ఇంట్లో ఫ్యూజు పోతే ఎలక్ట్రీషియన్ కోసం కబురు పెట్టే ఇంజనీర్లు ఆనాడూ వున్నారు, ఈనాడూ వున్నారు. చదవకముందు కాకరకాయ, చదివిన తరువాత కీకరకాయ అన్న సామెత ఊరికే పుట్టలేదు. నాలుగేళ్ళు ఎక్కువా తక్కువా అన్నది కాదు ప్రశ్న. ఆ నాలుగేళ్ళలో మన చేతికి ఎన్ని రోజులు గ్రీజు అంటింది అన్నదే ప్రశ్న. ఆ లెక్క వేస్తే నాయుడుగారు అడిగిన రెండేళ్ళు కూడా రాదేమోనని అనుమానం.

ఇక కారు సంగతి. 1952లో నాయుడుగారు ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారు తయారు చేశారు. ధర రెండు వేల రూపాయలు! కారు అంటే జమీందారు, డాక్టరు, కలెక్టరు అనుకునే రోజులవి. బడిపంతులు కూడా ఆశపడగల కారును ఆయన తెచ్చి ముందు పెట్టారు. కాని అది రోడ్ల మీద తిరగలేదు. తయారీకి ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. పని ఆగిపోయింది.

ప్రభుత్వాన్ని తిట్టి ఊరుకోవటం తేలిక. ఆనాటి పరిస్థితి కూడా చూడాలి. స్వాతంత్ర్యం వచ్చి అయిదేళ్ళు. ఉక్కు తక్కువ, విదేశీ మారకం తక్కువ. 1951లో పరిశ్రమల చట్టం వచ్చింది. దాని ప్రకారం పెద్ద పరిశ్రమ పెట్టాలంటే లైసెన్సు కావాలి. వున్న కొద్ది సరుకునూ నలుగురైదుగురు పెద్ద తయారీదారులకే ఇస్తే పని సక్రమంగా సాగుతుందని ఢిల్లీ అనుకుంది. ఆ ఆలోచనలో తర్కం లేకపోలేదు. అయితే ఆ తర్కంలో వర్కుషాపులో కూర్చుని కారు చేసే ఒంటరి మనిషికి చోటు లేదు. అందువల్ల జరిగిందేమిటి? దశాబ్దాల పాటు ఒకటి రెండు రకాల కార్లే రోడ్డు మీద తిరిగాయి. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడవలసి వచ్చింది. మధ్యతరగతి వాడికి అందిన చిన్న కారు మారుతి, 1983 డిసెంబరులో వచ్చింది. లక్ష రూపాయల కారంటూ నానోను 2008లో చూపించారు. నాయుడుగారి రెండు వేల కారు కన్న కల ఇదే. మారుతికి ముప్ఫై ఏళ్ళు ముందు, నానోకు యాభై ఆరేళ్ళు ముందు!

ఆ కారు నిజంగా నిలిచేదా, ఆ ధరకు గిట్టుబాటయ్యేదా అని అడిగేవారుంటారు. అడగవలసిందే. పదికి ఒక్కటి చేయటం వేరు, పదివేలు చేయటం వేరు. నానో కూడా అనుకున్నంతగా అమ్ముడుపోలేదు. అయితే జనం కొని చూసి కాదంటే అది ఒక తీర్పు. ఫైలులోనే కాదంటే అది తీర్పు కాదు. ఆ కారుకు ఓడిపోయే అవకాశం కూడా దక్కలేదు.

నాయుడుగారిలో లోపాలు లేవని అనటం లేదు. తొందర ఎక్కువ. ఒక పని పట్టుకుని పూర్తిగా పరిశ్రమగా పెంచేలోపు మనసు మరో దాని మీదికి పోయేది. ఆయన కనిపెట్టిన వాటిలో చాలా భాగం ప్రదర్శనశాలలో మిగిలాయే గాని అంగడికి చేరలేదు. రాయిస్ పక్కన వ్యాపారం చూసే క్లాడ్ జాన్సన్ వుండేవాడు, అమ్మి పెట్టే రోల్స్ వుండేవాడు. నాయుడుగారు చాలావరకు ఒంటరిగానే నడిచారు. బాలసుందరం నాయుడుగారి లాంటి తోడు దొరికిన చోట పని నిలిచింది. మోటారు అందుకు సాక్ష్యం.

వయసు మీద పడినా ఆ కుతూహలం చావలేదు. యంత్రం నుంచి మొక్క మీదికి మళ్ళింది. పత్తి, మొక్కజొన్న, బొప్పాయి మీద ఆయన చేసిన ప్రయోగాలు చూడటానికి సర్ సి.వి. రామన్, సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగార్ల వంటి మహనీయులు ఆయన తోటకు వచ్చారు. ఒకరు నోబెల్ బహుమతి పొందిన శాస్త్రజ్ఞుడు, మరొకరు దేశం గర్వించే ఇంజనీరు. అంతటివారు బడి మానేసిన రైతుబిడ్డ చేలో నిలబడి బొప్పాయి చెట్టును చూశారంటే, చదువు అనే మాటకు అర్థం మనం మరోసారి ఆలోచించుకోవాలి. 1967లో ఆయన పేరు మీద పారిశ్రామిక ప్రదర్శనశాల వెలిసింది. 1974 జనవరి 4న, ఎనభయ్యో ఏట, నాయుడుగారు కన్నుమూశారు.

కోయంబత్తూరు ఆయన్ను మరిచిపోలేదు. అవినాశి రోడ్డులో ఆయన ప్రదర్శనశాల వుంది, పాత కార్ల మ్యూజియం వుంది. అదే రోడ్డు మీద పది కిలోమీటర్ల పొడవున కట్టిన పై వంతెనకు ఆయన పేరు పెట్టి 2025 అక్టోబరులో తెరిచారు. ఒక్క బస్సుతో మొదలుపెట్టినవాడి పేరు మీద ఇప్పుడు వేలాది బస్సులు, కార్లు పరుగెడుతున్నాయి.

మరి మనం? నాయుడుగారిని చూసి కాలేజీ మానేయమని ఈ వ్యాసం చెప్పటం లేదు. అలా అర్థం చేసుకుని హాజరు తగ్గించుకునే మిత్రులకు సంఘం పూచీ పడదు! ఆయనకు బడి లేక పాత మోటారు సైకిలుతో సరిపెట్టుకున్నారు. మనకు బడి వుంది, ల్యాబు వుంది, లైబ్రరీ వుంది, అడిగితే చెప్పే గురువులున్నారు. లేనిదల్లా ఆ మోటారు సైకిలు. అంటే ఒక వస్తువును పట్టుకుని అది ఎలా నడుస్తోందో తెలిసేదాకా వదలని ఆ పట్టు.

ఈ సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు పెరట్లో చెడిపోయిన మోటారు వుంటే, మేస్త్రీని పిలిచేముందు ఒక్కసారి విప్పి చూడండి. మళ్ళీ బిగించటం రాకపోతే మేస్త్రీ పక్కన కూర్చుని చూడండి. చొక్కాకు మరక అంటుతుంది, అమ్మ నాలుగు మాటలంటుంది. అయినా ఫరవాలేదు. నాలుగేళ్ళ చదువు వృథా అన్న పెద్దాయనకు మనం ఇవ్వగల జవాబు అంతకు మించి ఇంకొకటి లేదు.